వరండాలో మూడు గంటలు

మూడు వందల మాటలు రాయాలి. చౌడేశ్వరి పదకొండుసార్లు రాసింది. పదకొండుసార్లూ కొట్టేసింది.

అది ఒక సదస్సుకు పంపాల్సిన ప్రతిపాదన. మాటకూ అధికారానికీ ఉన్న సంబంధం గురించి హైదరాబాదులో మూడు రోజులు సదస్సు పెడుతున్నారు. ఎవరి మాట ఎవరు వింటారు, ఎవరి మాట ఎక్కడ ఆగిపోతుంది అన్న సంగతి మీద ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి మాట్లాడతారు. అక్కడ మాట్లాడాలంటే, ఏం చెప్పదలచుకున్నారో ముందుగా మూడు వందల మాటల్లో రాసి పంపాలి. కమిటీకి నచ్చితే రమ్మంటారు. మంగళవారం సాయంత్రం ఐదు గంటలకు గడువు అయిపోతుంది.

చౌడేశ్వరికి ఇది మూడో ప్రయత్నం. అంతకుముందు రెండు సదస్సుల వాళ్ళు ఆమెను పిలవలేదు. ఎందుకు పిలవలేదో కూడా చెప్పలేదు. ఆమె పీహెచ్‌డీలో చేరి ఐదేళ్ళు దాటింది. ఒక జాతీయ సదస్సులో పత్రం చదవందే థీసిస్ తీసుకోరు. థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించరు. డిసెంబరులోగా ఎవరూ పిలవకపోతే ఇన్నేళ్ళ పనీ అటకెక్కినట్టే. హైస్కూల్లో ఇష్టంగా చేస్తున్న ఉద్యోగం మానేసి వచ్చింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా అన్నం సయించేది కాదు.

ఆమె పరిశోధన కలెక్టరు కచేరీలో జరిగే గ్రీవెన్సు మీద. ప్రతి సోమవారం జిల్లా నలుమూలల నుంచీ జనం అర్జీలు పట్టుకొని అక్కడికి వస్తారు. పెద్ద హాల్లో అధికారులు వరసగా కూర్చుంటారు. జనం ఒక్కొక్కరే వెళ్ళి నిలబడి, కాగితం ఇచ్చి, తమ గోడు చెప్పుకుంటారు. చౌడేశ్వరి ఎనిమిది నెలలుగా ఆ హాల్లో కూర్చొని, ఒక్కో మనిషికి ఎంతసేపు మాట్లాడే వీలు దొరుకుతోందో వాచీ చూసి రాసుకుంటోంది. మొత్తం పదకొండు వందల మంది లెక్క తేలింది. సగటున మనిషికి నలభై సెకన్లు.

అదే ఆమె కనిపెట్టిన విషయం. దాన్ని ఎలా మొదలుపెట్టాలో తెలియక, ప్రతిసారీ విదేశీ సిద్ధాంతకర్తలు నలుగురి పేర్లతో మొదలుపెట్టేది. వాళ్ళు అన్నవి చెప్పేసరికే రెండు వందల మాటలు అయిపోయేవి.

శనివారం పొద్దున పదకొండోసారి రాసింది పట్టుకొని జిలానీ సారు గదికి వెళ్ళింది.

జిలానీ సారు జర్నలిజం శాఖలో ప్రొఫెసరు. ఆమెకు గైడు. యూనివర్సిటీకి రాకముందు పద్దెనిమిదేళ్ళు పత్రికలో పనిచేశాడు. సన్నగా, పొట్టిగా ఉంటాడు. తక్కువ మాట్లాడతాడు. విద్యార్థులు ఏదైనా రాసి తెస్తే తాను చదవడు. వాళ్ళచేతే పైకి చదివించుకొని, కళ్ళు మూసుకొని వింటాడు. వినడం అయ్యాక ఒక ప్రశ్న అడుగుతాడు. చాలాసార్లు ఆ ప్రశ్నకూ చదివినదానికీ ఏం సంబంధమో అర్థం కాక వాళ్ళు తలగోక్కుంటూ బయటికి వస్తారు.

ఆ రోజూ అంతే జరిగింది. చౌడేశ్వరి చదివింది. ఆయన విన్నాడు. ఆ హాల్లో నువ్వు ఎక్కడ కూర్చుంటావమ్మా అని అడిగాడు.

ఆమె చెప్పింది. అధికారుల బల్లకు పక్కనే, ఫ్యాను కింద, తన కోసం ఒక కుర్చీ వేస్తారు. అక్కడి నుంచి అన్నీ స్పష్టంగా కనపడతాయి, వినపడతాయి. జాయింట్ కలెక్టరు గారు మర్యాద తెలిసిన మనిషి. పదకొండు గంటలకు అధికారులతో పాటు తనకూ టీ ఇప్పిస్తారు. పరిశోధన ఎంతవరకు వచ్చిందని అడుగుతుంటారు.

జిలానీ సారు తలూపాడు. సొరుగు లాగి ఒక తెల్ల కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

"మన వెనక గేటు దగ్గర కల్వర్టు విరిగింది కదా. ఎల్లుండి ఎలాగూ వెళ్తావు. దాని మీద ఒక అర్జీ రాసి ఇచ్చిరా."

చౌడేశ్వరి ఆయన ముఖంలోకి చూసింది. ప్రతిపాదన గురించి ఏమైనా అంటాడేమోనని ఆగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

కల్వర్టు విరిగిన మాట నిజమే. హాస్టలు వంటవాళ్ళు పొద్దున్నే ఆ దారినే సైకిళ్ళ మీద వస్తారు. పోయిన నెలలో వాళ్ళలో ఒకామె పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కానీ మంగళవారం గడువు పెట్టుకొని సోమవారం ఈ పనేమిటి? ఆమెకు లోపల చిర్రెత్తింది. పైకి మాత్రం సరే సార్ అంది.

తలుపు దాకా వెళ్ళాక ఆయన వెనక నుంచి అన్నాడు.

"కుర్చీలో కూర్చొని ఇవ్వొద్దు. వరసలో నిలబడి ఇవ్వు."

*

ఆదివారం రాత్రి ఆమె అర్జీ రాసింది. ఏదైనా రాస్తే పద్ధతిగా రాసే మనిషి. కల్వర్టు ఎప్పుడు కట్టారు, ఏ శాఖ కిందికి వస్తుంది, దాని గురించి యూనివర్సిటీ వాళ్ళు ఏయే తేదీల్లో ఎవరెవరికి లేఖలు పంపారు, అన్నీ వరసగా పెట్టి రెండు పేజీలు నింపింది.

సోమవారం ఎనిమిదింటికే కచేరీకి చేరుకుంది. తాను తొందరగా వచ్చాననుకుంది. అప్పటికే వరండా నిండిపోయి ఉంది.

ఎనిమిది నెలలుగా వస్తున్నా ఆమెకు ఆ వరండా సరిగా తెలియదు. ఎప్పుడూ పదిన్నరకు వచ్చేది. పక్క తలుపులోంచి నేరుగా హాల్లోకి వెళ్ళేది. ఇప్పుడు టోకెన్ తీసుకుంటే ఎనభై ఏడో నంబరు వచ్చింది. గోడవార, గచ్చు మీద, ఒక ముసలామె వెనక కూర్చుంది.

ఆ ముసలామె తనలో తానే ఏదో గొణుక్కుంటోంది. జపం చేస్తోందేమో అనుకుంది చౌడేశ్వరి. చెవి పెట్టి వింటే జపం కాదు. ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అంటోంది. ఒకసారి ముందు ఊరి పేరు పెట్టి, ఇంకోసారి చివర పెట్టి. అంటూ అంటూ ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి నుంచి అంటోంది.

చౌడేశ్వరి చుట్టూ చూసింది. వరండా అంతా అదే పని. ఒక మొగుడూ పెళ్ళామూ ఏది ముందు చెప్పాలో వాదులాడుకుంటున్నారు. స్తంభం దగ్గర ఒకాయన కాగితం పట్టుకొని గోడకేసి మాట్లాడుతున్నాడు. మెట్ల మీద పంచె కట్టుకున్న మనిషొకడు కాలు మీద కాలు వేసుకొని అధికారిలా కూర్చున్నాడు. ఒక పడుచు వచ్చి అతని ముందు నిలబడి తన సంగతి చెబుతుంటే, అతను ముఖం పక్కకు తిప్పుకొని కాగితం కోసం చెయ్యి చాపుతున్నాడు. ఆ పడుచు తడబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఈసారి తొందరగా చెప్పింది. బాగుంది, కానీ మీ మామ పేరు తీసెయ్, ఆయనతో పనేముంది అన్నారెవరో.

చౌడేశ్వరి వాచీ చూసుకుంది. ఎనిమిదింబావు. హాలు తలుపులు తెరవడానికి ఇంకా రెండుంబావు గంటలుంది.

ముసలామె వెనక్కి తిరిగి ఆమెను చూసింది.

"ఏంది పాపా నీ కత?"

కల్వర్టు గురించి అర్జీ ఇవ్వడానికి వచ్చానని చౌడేశ్వరి చెప్పింది. కాగితంలో ఏం రాసినావో చదువు, నాకు అచ్చరాలు రావు అందామె. చౌడేశ్వరి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ సగం కూడా కాకముందే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"కల్వర్టు ఇరిగిందని యాడ రాసినావ్?"

"రెండో పేజీలో."

"అందాకా బల్లకాడ ఆయప్ప ఆగడు పాపా."

పక్కన కూర్చున్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. అది ఎగతాళి నవ్వు కాదు. కొత్తగా వచ్చిన మనిషిని దగ్గరికి చేర్చుకునే నవ్వు. చౌడేశ్వరికి మాత్రం ముఖం వేడెక్కింది. పదకొండు వందల మందికి నలభై సెకన్లేనని లెక్కగట్టింది తానే. ఆ నలభై సెకన్లకు రెండు పేజీలు రాసుకొచ్చిందీ తానే.

ముసలామె పేరు సుంకులమ్మ. ఇక్కడికి ముప్పై మైళ్ళ అవతల ఒక ఊరు ఆమెది. ఇది ఏడోసారి రావడం.

వాళ్ళ పొలం దారిలో కరెంటు స్తంభం ఒకటి ఒరిగింది. తీగ బాగా కిందికి వచ్చేసింది. సుంకులమ్మా, కోడలూ, ఇంకా ఆ వీధి ఆడవాళ్ళూ గడ్డి మోపులు నెత్తిన పెట్టుకొని రోజూ ఆ దారినే నడవాలి. అక్కడికి రాగానే మోపు దించి, వంగి, ఈడ్చుకుంటూ దాటి, మళ్ళీ ఎత్తుకుంటున్నారు. వాన పడిన రోజు ఆ పక్కకు ఎవరూ పోరు. పశువులకు ఆ పూట మేత ఉండదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె స్తంభం పాతిన నాటి నుంచి చెప్పుకొచ్చిందట. మొగుడి పేరు చెప్పేసరికే కాగితం తీసుకున్నారు. రెండోసారి ఏడుపొచ్చి మాట పెగల్లేదు. మూడోసారి సర్పంచి పట్టించుకోలేదని మొదలుపెడితే, అయితే ఇది పంచాయతీ గొడవ అని వేరే బల్లకు పంపారు. నాలుగు, ఐదు కూడా అట్లాగే పోయాయి. ఆరోసారి, తీగ కిందికి వచ్చింది సార్ అని నేరుగా చెప్పింది.

"అప్పుడు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందమ్మా అని అడిగినాడు. అడుగుల లెక్క నాకేం తెల్సు? నోరు మూసుకుంటి. రాసుకున్యారు, పంపించినారు. ఆరుసార్లూ రాసుకున్యారు."

ఈసారి ఏం చెప్తావమ్మా అని అడిగింది చౌడేశ్వరి.

సుంకులమ్మ చెప్పలేదు. ఆడికి పోయినంక చూద్దువులే అంది. తర్వాత చౌడేశ్వరి పని పట్టుకుంది. ముందు ఊరి పేరు చెప్పు, అది చెప్పందే వాళ్ళు కలం తీయరు. తర్వాత ఏమైందో ఒక్క మాట. తర్వాత దానివల్ల ఎవరికి ఏమైందో ఒక్క మాట. అంతకు మించి నోరు తెరవొద్దు.

చౌడేశ్వరి చెప్పి చూసింది. పొడుగైంది. మళ్ళీ చెప్పింది. మెట్ల మీది పంచె మనిషి వచ్చి ఆమె ముందు అధికారిలా కూర్చున్నాడు. అతను చెయ్యి చాపగానే ఆమె చెప్పాల్సింది మరిచిపోయింది. ఎం.ఏ.లో బంగారు పతకం తెచ్చుకున్న మనిషి, ఒక వరండాలో గచ్చు మీద కూర్చొని నాలుగు మాటలు అప్పజెప్పలేకపోయింది. ఆరోసారికి సరిగా వచ్చింది. అది విని సుంకులమ్మ సరే అంది. ఆ సరే విన్నప్పుడు, చాలా కాలంగా ఎక్కడో బిగుసుకొని ఉన్న ముడి ఒకటి కాస్త వదులైనట్టు చౌడేశ్వరికి అనిపించింది. ఎందుకో ఆలోచించే తీరిక లేదు. తలుపులు తెరిచారు.

*

వరస నుంచి చూస్తే ఆ హాలు వేరేగా ఉంది. కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమెకు వచ్చినవాళ్ళ ముఖాలు కనిపించేవి. ఇక్కడి నుంచి ముందు మనిషి వీపు, దాని పక్కగా బల్ల అంచు, అధికారి వేళ్ళు, కలం, అంతే. ఫ్యాను గాలి ఇక్కడిదాకా రావడం లేదు. ఒక్కో అడుగుకూ తన నాలుగు మాటలూ మనసులో అనుకుంటోంది.

సుంకులమ్మ వంతు వచ్చింది. ఊరి పేరు చెప్పింది. జాయింట్ కలెక్టరు తలెత్తకుండానే రాసుకోవడం మొదలుపెట్టాడు.

"కరెంటు తీగ చేతికందుతాంది సార్," అంది సుంకులమ్మ. అని, కుడిచెయ్యి పైకెత్తి, అట్లాగే ఎత్తి పట్టుకొని నిలబడింది.

ఇంకేమీ అనలేదు.

కలం ఆగింది. ఆయన తలెత్తి చూశాడు. ముసలి చెయ్యి, మట్టిగాజులు, చాపిన వేళ్ళు. ఎవరి చేతికి అని అడిగాడు. నా చేతికే సార్ అందామె, చెయ్యి దించకుండా.

ఆయన పక్కకు తిరిగి, కరెంటు శాఖ అధికారిని లేవమన్నాడు. ఇక్కడి నుంచే ఫోను చెయ్యండి, సాయంత్రంలోగా మనిషి అక్కడ ఉండాలి అన్నాడు. ఆ అధికారి ఫోను తీశాడు. అటువైపు ఎవరో ఎత్తారు. ఊరి పేరు, పొలం దారి, అన్నీ సుంకులమ్మను అడిగి చెప్పాడు. అదంతా అయ్యేదాకా ఆమె కదల్లేదు. ఇక వెళ్ళమ్మా అన్నాక, అప్పుడు దించింది చెయ్యి.

తర్వాత చౌడేశ్వరి.

పోయిన సోమవారం ఇదే మనిషి ఆమెకు టీ కప్పు అందించి, థీసిస్ ఎప్పుడు పూర్తి చేస్తారమ్మా అని అడిగాడు. ఇప్పుడు ఆయన కళ్ళు ఆమె చేతిలో కాగితం మీదే ఉన్నాయి. చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. ఊరి పేరుకు బదులు యూనివర్సిటీ వెనక గేటు అంది. కల్వర్టు బండ విరిగింది సార్, పొద్దున్నే పనికి వచ్చేవాళ్ళు సైకిళ్ళ మీద నుంచి పడుతున్నారు, ఒకామెకు చెయ్యి విరిగింది అంది.

ఆయన కాగితం మూల మీద ఏదో రాసి, సంతకం పెట్టి, రోడ్ల శాఖ వాళ్ళ వైపు జరిపాడు. తర్వాతి వాళ్ళు రండి అన్నాడు.

అంతలో కచేరీ బంట్రోతు, తలపాగా చుట్టుకున్న డఫేదారు, ఆమెను గుర్తుపట్టాడు. అయ్యో మేడమ్, మీరు వరసలో నిలబడ్డారేమిటి అన్నాడు, అందరికీ వినపడేలా. జాయింట్ కలెక్టరు తలెత్తి, గుర్తుపట్టి, నొచ్చుకున్నట్టు నవ్వాడు. మీరా, నాకు ఒక మాట చెప్తే సరిపోయేది కదా, రండి కూర్చోండి అన్నాడు. డఫేదారు అప్పుడే కుర్చీ లాగుతున్నాడు.

వెనక ఎనభై ఎనిమిదో నంబరు మనిషి ఆమె వైపు చూస్తున్నాడు. పొద్దుటి నుంచీ ఆమె ముందు అధికారిలా కూర్చొని నేర్పించిన పంచె మనిషి అతనే.

"చెప్పేశాను సార్," అంది చౌడేశ్వరి. నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది.

వచ్చాక గానీ ఆమెకు గుర్తురాలేదు, తాను ఎన్ని సెకన్లు మాట్లాడిందో చూసుకోలేదని.

సుంకులమ్మ మెట్ల మీద కూలబడి ఉంది. దప్పికైతాంది పాపా అంది. చౌడేశ్వరి కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చింది. ముసలామె తాగి, చీర చెంగుతో ముఖం తుడుచుకొని, సంచిలోంచి చిత్రాన్నం మూట తీసింది. సగం ఆకులో పెట్టి ఇచ్చింది. ఇద్దరూ మెట్ల మీదే కూర్చొని తిన్నారు. చౌడేశ్వరి చాలా రోజుల తర్వాత ఆకలిగా తిన్నది. పల్లీలు ఏరుకొని మరీ తిన్నది.

ఒంటిగంట బస్సుకు సుంకులమ్మను ఎక్కించి వచ్చి, కచేరీ ఆవరణలో ఒక సిమెంటు బెంచీ మీద కూర్చుంది. పొద్దున ఇచ్చిన అర్జీ నకలు ఒకటి సంచిలో ఉంది. దాన్ని తిప్పి, వెనక వైపు రాసింది.

"కలెక్టరు కచేరీలో నలభై సెకన్లు మాట్లాడటానికి మనుషులు వరండాలో మూడు గంటలు సాధన చేస్తారు. ఒకరి మాటను ఒకరు దిద్దుకుంటారు. ఎనిమిది నెలలు నేను ఆ నలభై సెకన్లనే కొలిచాను."

అక్కడి నుంచి ఇక ఆగలేదు. సిద్ధాంతకర్తల్లో ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే జారిపోయారు. ఒకరు చివర్లో ఒక వాక్యంలో సర్దుకున్నారు. నాలుగో ఆయన ఎందుకు కావలసివచ్చాడో ఆమెకే గుర్తు రాలేదు. లెక్కపెడితే రెండు వందల ఎనభై మాటలయ్యాయి.

*

మంగళవారం పొద్దున జిలానీ సారుకు చదివి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకోలేదు. అయిపోయాక ప్రశ్న కూడా అడగలేదు. పంపించు అన్నాడు. ఆమె మధ్యాహ్నం మూడింటికే పంపేసి, హాస్టలుకు వెళ్ళి, చీకటి పడేదాకా నిద్రపోయింది.

ఆ తర్వాతి సోమవారం మళ్ళీ కచేరీకి వెళ్ళింది. డఫేదారు కుర్చీ వేస్తానంటే వద్దంది. నోటు పుస్తకం పట్టుకొని వరండాలో కూర్చుంది. సుంకులమ్మ ఊరి మనిషొకడు ఆ రోజు వేరే పని మీద వచ్చాడు. అడిగితే, అదే రోజు పొద్దు గుంకకముందే లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపాడనీ, మరునాడు కొత్త స్తంభం పాతి తీగ పైకి లాగారనీ చెప్పాడు. ఆడవాళ్ళు ఇప్పుడు మోపులు దించకుండానే పోతున్నారట. చౌడేశ్వరి ఆ మాట రెండుసార్లు చెప్పించుకొని విన్నది.

కల్వర్టు బాగు చేయడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. కానీ చేశారు.

ఐదు వారాల తర్వాత సదస్సు వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. శాఖ కంప్యూటరు ముందు కూర్చొని తెరిచింది. మొదటి పంక్తిలో 'సంతోషిస్తున్నాం' అన్న మాట కనిపించింది. అక్కడే ఆగి, ముఖం చేతుల్లో పెట్టుకొని కాసేపు అట్లాగే ఉండిపోయింది. పక్క బల్ల దగ్గర అమ్మాయి కంగారుపడి ఏమైందక్కా అని లేచి వచ్చింది. ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అని నవ్వింది చౌడేశ్వరి. ఐదేళ్ళుగా భుజాల మీద మోస్తున్నది ఏదో ఎవరో అందుకొని కింద పెట్టినట్టుంది.

తర్వాత మిగతాది చదివింది. కమిటీలో ఒకరు సిద్ధాంత చర్చ తక్కువైందనీ, పత్రంలో పెంచమనీ రాశారు. ఇంకొకరు ఒకే వాక్యం రాశారు. 'ఆ వరండా గురించి ఇంకా వినాలని ఉంది.'

ఉత్తరం అచ్చు తీసుకొని జిలానీ సారు గదికి పరిగెత్తింది. ఆయన చదివాడు. చాలా సంతోషించాడు. తనే కెటిల్ పెట్టి ఇద్దరికీ టీ కలిపాడు. సుంకులమ్మ గారికి చెప్పావా అని అడిగాడు. ఇంకా లేదు సార్, ఆదివారం వాళ్ళ ఊరు వెళ్తున్నాను అంది. మంచి పని అన్నాడు.

టీ తాగుతుంటే, ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్న మాట ఆమె అడిగేసింది.

"సార్, నేను తప్పు చోట కూర్చున్నానని మీకు ముందే తెలుసు కదా. ఎనిమిది నెలలు ఎందుకు చెప్పలేదు?"

జిలానీ సారు కప్పు కింద పెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు, వెక్కిరింతా లేదు.

"చెప్పానమ్మా, మొదటి వారంలోనే చెప్పాను. నువ్వు రాసుకున్నావు కూడా."

చౌడేశ్వరికి అలాంటిదేమీ గుర్తు లేదు. సారు పొరబడ్డాడేమో అనుకుంది. అయినా తన బల్ల దగ్గరికి వచ్చి, అడుగున ఉన్న నోటు పుస్తకాలు తీసింది. మొత్తం ఆరు. అన్నిటికంటే కింద ఉన్నదాని మీది దుమ్ము తుడిచి తెరిచింది.

మూడో పేజీలో, జనవరి తేదీ కింద, తన గుండ్రటి అక్షరాల్లోనే ఉంది.

'కుర్చీ వద్దు. మొదట నువ్వూ జనంతో వరసలో నిలబడి చూడు. — సార్.'

కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కూడా గీసుకుంది.